ఆరేళ్లు మెట్ల కింద పడున్న చేపల తొట్టి కారుతుందో లేదో చూసుకోవడం

"నీళ్లు పోసి చూస్తే తెలిసిపోతుంది కదా, దానికింత హడావిడి ఎందుకు బావా" అన్నాడు మా బావమరిది, వాళ్లింట్లో మెట్ల కింద ఆరేళ్ల నుంచి దుమ్ము పట్టి ఉన్న మూడడుగుల అక్వేరియం బయటికి తీస్తూ. తెలుస్తుంది, నిజమే. కాకపోతే ఎక్కడ పెట్టి పోస్తున్నావు, ఎంత ఎత్తు పోస్తున్నావు, ఎన్నాళ్లు ఉంచి చూస్తున్నావు అన్నదాన్ని బట్టి తెలిసేది మారుతుంది. నేను అదే తెలివితో ఒకసారి ఒక పాత రెండడుగుల తొట్టిని హాల్లోనే స్టాండు మీద పెట్టి, పైపుతో ఒకేసారి నిండా నింపి, రెండు గంటలు ఎదురుగా కూర్చుని చూసి, చుక్క కూడా కారలేదని సంబరపడి, ఇసుక వేసేసి పడుకున్నాను. తెల్లారి లేచేసరికి సోఫా కింద దాకా నీళ్లు. కింద పోర్షన్ వాళ్ల సీలింగ్ మీద మ్యాపు పడింది, దానికి పెయింట్ నేనే వేయించాను. అప్పటినుంచి పాత తొట్టి ఏది ముట్టుకున్నా మూడు రోజులు కేటాయిస్తాను, అంతకంటే తక్కువలో అవదు.

ముందు దాన్ని బయటికి తేవడం గురించి ఒక్క మాట. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టి 8 మి.మీ. అద్దంతో చేసిందైతే ఖాళీగానే 28 కిలోలు ఉంటుంది. ఇద్దరు పట్టుకోవాలి, అదీ అడుగు అద్దం కింద చేతులు పెట్టి. పైన అడ్డంగా అతికించిన పట్టీ చేతికి అనువుగా ఉంటుంది కాబట్టి అందరూ దాన్నే పట్టుకుని లేపుతారు, అద్దాలని అతికించిన పాత సిలికాన్ జిగురు ఊడేది సరిగ్గా అక్కడే. లోపల తేలు, బల్లి, సాలీడు ఏదైనా ఉండొచ్చు, చెయ్యి పెట్టే ముందు టార్చి వేసి చూడండి. ఒకవేళ వాన నీళ్లు నిలిచి ఉంటే అవి తోడేశాకే కదపండి. నీళ్లున్న తొట్టిని ఎత్తితే ఆ బరువు ఒక మూలకి ఊగి, అప్పటిదాకా బాగున్న అతుకు కూడా విడిపోతుంది.

ఇప్పుడు కడగాలి. కడగకుండా పరీక్ష చేస్తే ఆ పరీక్షకి విలువ లేదు, ఎందుకో చెప్తాను. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, చాలా ఊళ్లలో వారం రోజులు నీళ్లు నిలిచాయంటే గీత పడిపోతుంది. ఆ తెల్లటి పెచ్చు అతుకుల మీద కూడా కడుతుంది, సన్నటి చిల్లు ఉంటే దాన్ని మూసేస్తుంది కూడా. అలా మూసుకున్న చిల్లు పరీక్షలో కారదు, నాలుగు నెలల తర్వాత మీరు అద్దం రుద్ది కడిగిన రోజు కారుతుంది. కాబట్టి ముందే తీసేయాలి. వెనిగర్ గానీ, కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు గానీ బట్టకి తడిపి ఆ తెలుపు మీద అరగంట పరిచి ఉంచితే మెత్తబడుతుంది, తర్వాత పాత ఏటీఎం కార్డుతో గీకేయొచ్చు. సర్ఫు, విమ్ లాంటివి వద్దు, వాటి జిడ్డు మూలల్లో ఉండిపోయి తర్వాత చేపల ప్రాణం మీదికి వస్తుంది. అద్దం మీద గట్టి పెచ్చుని బ్లేడుతో గీకినా ఫరవాలేదు గానీ మూలల దగ్గరికి మాత్రం బ్లేడు వెళ్లకూడదు, లోపలి సిలికాన్ తెగిందంటే లేని లీకేజీని మనమే తెచ్చిపెట్టుకున్నట్టు.

గీకే ముందు మాత్రం ఒక పని చేయండి, తొట్టి బయటి వైపు అతుకుల వెంబడి కూడా ఆ తెల్లటి గీతలు ఉన్నాయేమో చూడండి. లోపల ఉన్నవాటిని పట్టించుకోనక్కర్లేదు. బయట, అతుకు మధ్య నుంచి కిందికి కారినట్టు తెల్లటి చార ఉందంటే మాత్రం ఆ తొట్టి ఎప్పుడో అక్కడ కారింది, నీళ్లు ఆరిపోయి ఉప్పు మిగిలింది. ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. తొట్టి అమ్మేవాళ్లు "ఎప్పుడూ కారలేదండీ" అంటున్నప్పుడు నేను మొదట చూసేది ఆ చారే. వెనక నీలం రంగు సముద్రం బొమ్మ స్టిక్కర్ ఉంటే అది కూడా పీకేయండి, దాని కింద అతుకులు కనపడవు.

తర్వాత అతుకుల సంగతి. అద్దాల తొట్టిలో సిలికాన్ రెండు చోట్ల ఉంటుంది, ఈ తేడా తెలియకే సగం మంది అనవసరంగా భయపడతారు, మిగతా సగం భయపడాల్సిన చోట భయపడరు. అద్దానికీ అద్దానికీ మధ్య, అంచులో ఇరుక్కుని ఉన్న సన్నటి పొర ఒకటి. తొట్టిని పట్టి నిలబెట్టేది అదే. లోపల మూలల్లో వేలితో రాసినట్టు కనిపించే లావుపాటి వరస రెండోది, అది ఆ పొరకి కాపలా. లోపలి వరస అక్కడక్కడా లేచినా, నల్లబడినా, నాచు పట్టి పచ్చబడినా కొంప మునగదు, దాన్ని తీసి కొత్తది వేసుకోవచ్చు. బయటి నుంచి అంచుని టార్చి వేసి చూసినప్పుడు మధ్య పొరలో గాలి బుడగలు, వెండి రంగులో మెరిసే మచ్చలు కనిపిస్తే అక్కడ సిలికాన్ అద్దాన్ని వదిలేసిందన్న మాట. చిన్న బుడగలు ఒకటీ అరా చేసిన రోజు నుంచే ఉంటాయి. మచ్చ అతుకు లోపలి వైపు నుంచి బయటి వైపు దాకా సాగి ఉంటేనే సమస్య. అది నీళ్లు పోసి చూడాల్సిన తొట్టి కాదు, విడదీసి మళ్లీ అతికించాల్సిన తొట్టి.

లోపలి వరసని గోరుతో నొక్కి చూడండి. రబ్బరులా నొక్కుకుని మళ్లీ లేవాలి. గట్టిపడి పెళుసుగా విరుగుతున్నా, పెచ్చులా లేస్తున్నా దాని పనైపోయింది. ఎలుకలు తిరిగే చోట పెట్టిన తొట్టైతే కింది మూలలు ప్రత్యేకంగా చూడండి, కొరికిన గుర్తులు అక్కడే ఉంటాయి.

అద్దం మీద గీత కనిపిస్తే అది గీతా, పగులా అని చూడాలి. గోరుని అడ్డంగా లాగండి. పైపైన తట్టుకుని, లోపల ఏమీ మెరవకపోతే గీత. గోరు తట్టుకున్నా తట్టుకోకపోయినా, టార్చి పక్క నుంచి వేస్తే లోపల దారంలా మెరుస్తుంటే పగులు. అంచున చిన్న పెచ్చు ఊడిందంటే సర్దుకోవచ్చు గానీ, ఆ పెచ్చు నుంచి అద్దం మధ్యకి నెర్రె బయల్దేరి ఉంటే ఇంక పరీక్షలు వద్దు. నీళ్లు పోసిన పగులు నెమ్మదిగా కారుతుందన్న నమ్మకం లేదు, ఒక్కసారే విడిపోవచ్చు. పైన అడ్డపట్టీ ఉండాల్సిన తొట్టిలో అది ఊడిపోయి ఉన్నా అంతే, పట్టీ అతికించాకే నీళ్లు.

ఇనుప యాంగిల్ ఫ్రేములో పుట్టీతో బిగించిన పాత కాలం తొట్లు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. వాటి పద్ధతి వేరు. పుట్టీ ఏళ్ల తరబడి ఎండితే బిరుసెక్కి అద్దం నుంచి విడిపోతుంది, కాబట్టి మొదట కారడం ఖాయం. నీళ్ల బరువుకి అద్దం పుట్టీకి అదుముకుని ఒకటి రెండు రోజుల్లో కొన్ని వాటంతటవే ఆగుతాయి కూడా. ఆగినా నేనైతే వాటిని ఇంట్లో పెట్టను.

ఇక నీళ్ల పరీక్ష. ఎక్కడ పెట్టాలి అన్నది అనుకున్నంత సులువు కాదు, ఎందుకంటే నీళ్లు కారినా ఫరవాలేని చోటు అనగానే గుర్తొచ్చే బాత్రూము, బాల్కనీ, మేడ, ఇవేవీ మట్టంగా ఉండవు, నీళ్లు పోవడానికి మేస్త్రీ వాటం పెట్టే ఉంటాడు. వాటంగా ఉన్న నేల మీద తొట్టి ఒక మూల గాల్లో ఉంటుంది, నింపగానే అడుగు అద్దం మెలికపడి పగలొచ్చు. కార్ పార్కింగులో గానీ వాకిట్లో గానీ రసమట్టం పెట్టి చూసి, మట్టంగా ఉన్న చోట మందపాటి ప్లైవుడ్ ముక్క, దాని మీద అంగుళం థర్మకోల్ షీటు వేసి, ఆ పైన తొట్టి పెట్టండి. ప్లాస్టిక్ ఫ్రేము మీద నిలబడి అడుగు అద్దం నేలకి తగలకుండా ఉండే రకానికి థర్మకోల్ వేయకూడదు, ఆ ఫ్రేముతోనే దాని బరువు ఆనాలి. చుట్టూ రెండడుగుల్లో ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఇన్వర్టరు, బండి చార్జరు ఏవీ ఉండకూడదు.

ఎంత బరువు పెడుతున్నామో లెక్క తెలిస్తే జాగ్రత్త దానంతటదే వస్తుంది. ఆ మూడడుగుల తొట్టి అంచుదాకా నిండితే 127 లీటర్లు, అద్దంతో కలిపి 155 కిలోలు. అసలు విషయం అది కూడా కాదు. ముందు అద్దాన్ని నీళ్లు బయటికి ఎంత బలంతో తోస్తున్నాయన్నది ముఖ్యం, అది నిండుగా ఉన్నప్పుడు దాదాపు 95 కిలోలు. సగం నింపినప్పుడు ఎంతనుకుంటున్నారు? యాభై కాదు, 24. ముప్పావు నింపితే 54. ఎత్తు రెండింతలైతే తోపుడు నాలుగింతలవుతుంది. అంటే సగం దాకా పోసి "కారట్లేదులే" అనుకున్నవాళ్లు చేసింది పావు వంతు పరీక్ష మాత్రమే. మా రెండడుగుల తొట్టి ఎలాగూ చిన్నదే కదా అని నేను ధీమాగా ఉన్నాను గానీ, అడుగు ఎత్తున్న దాని ముందు అద్దం మీద కూడా 28 కిలోలు పడుతుంది, ఏళ్ల తరబడి ఎండి కూర్చున్న సిలికాన్ మీద అది ఒక్కసారిగా పడింది.

కాబట్టి అంచెలంచెలుగా. ముందు తొట్టి బయటి వైపు అంతా పొడి బట్టతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. తొట్టి చుట్టూ నేల మీద పాత న్యూస్ పేపర్ పరిచి, దాని అంచు తొట్టి కిందికి దూర్చండి. నీళ్లు పడి తర్వాత ఆరిపోయినా పేపర్ ముడతపడి సాక్ష్యం చెప్తుంది, నేలైతే చెప్పదు. నిలువు అతుకుల వెంబడి టిష్యూ కాగితం పట్టీలు టేపుతో అంటించండి. కింది అతుకు వెంబడి కొంచెం ఫేస్ పౌడర్ చల్లితే చెమ్మ తగిలిన చోట ముద్దకట్టి రంగు మారుతుంది, కాగితం దూరని సందులకి ఇది బాగా పనికొస్తుంది.

నీళ్లు బకెట్లో ఒక రాత్రి నిలవ ఉంచి పోయండి. క్లోరిన్ కోసం కాదు. అప్పుడే మోటారేసి తోడిన చల్లటి బోరు నీళ్లు పోస్తే, ముఖ్యంగా వానాకాలంలో, అద్దానికి బయట చెమట పడుతుంది. అది కారి పేపర్ తడుస్తుంది, మీరు లీకేజీ అనుకుని బ్లేడు పట్టుకుంటారు. తడి ఒక్క అతుకు దగ్గరే కాకుండా అద్దమంతా సమానంగా ఉందంటే అది చెమటే.

పావు వంతు పోసి రెండు గంటలు ఆగండి. కింది అతుకు నాలుగు పక్కలా వేలితో తడిమి చూడండి, కళ్లకంటే వేలు నయం. తర్వాత సగం, మళ్లీ మూడు నాలుగు గంటలు. ముప్పావు పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున పేపర్లు పొడిగా ఉంటేనే మామూలుగా మీరు చేపలకి నింపే ఎత్తు దాకా నింపండి, అంతకంటే అర అంగుళం ఎక్కువైనా మంచిదే. నింపాక ఒకసారి ముందు అద్దం మీద పొడుగు స్కేలు అడ్డంగా ఆనించి చూడండి, మధ్యలో కొద్దిగా ఉబ్బడం సహజం, గంట గంటకీ ఆ ఉబ్బు పెరుగుతుంటే వెంటనే నీళ్లు తోడేయాలి. అక్కడి నుంచి 48 గంటలు. ఈ రెండు రోజులు పిల్లల్ని, క్రికెట్ బంతిని దూరంగా ఉంచడం కూడా పరీక్షలో భాగమే.

చాలామంది నీటి మట్టం దగ్గర మార్కరుతో గీత పెట్టి, తెల్లారి అది తగ్గిందా లేదా అని మాత్రమే చూస్తారు. గీత పెట్టండి, కానీ దాన్నే నమ్ముకోవద్దు. మూడడుగుల తొట్టిలో మట్టం 1 మి.మీ. తగ్గిందంటే పావు లీటరు పైనే నీళ్లు పోయినట్టు. నిమిషానికి ఒక చుక్క కారే లీకేజీలో రోజంతా కలిపి పోయేది 70 మి.లీ. పైచిలుకు, అంటే గీత మీద పావు మిల్లీమీటరు, మార్కరు గీత మందం కూడా రాదు. కానీ ఆ నిమిషానికో చుక్కే వారం రోజుల్లో స్టాండు చెక్కని ఉబ్బించేస్తుంది. ఇంకోవైపు, ఎండాకాలంలో మూత లేని తొట్టిలో మట్టం ఊరికే ఆవిరై రోజుకి నాలుగైదు మిల్లీమీటర్లు తగ్గితే లీటరు పైన పోయిందని కంగారుపడతారు, లీటరు నీళ్లు కింద పడితే పేపర్ పొడిగా ఉంటుందా? అందుకే చెప్పేది, పేపర్ మాటే వినండి. మరీ అనుమానంగా ఉంటే తొట్టి పక్కనే గోడలు నిటారుగా ఉన్న స్టీలు గిన్నె నీళ్లతో పెట్టి దానికీ గీత పెట్టండి, రెండూ ఇంచుమించు ఒకే లెక్కన తగ్గుతుంటే గాలికి పోయినవే. పైన ప్లాస్టిక్ కవర్ పరిస్తే ఆవిరీ తగ్గుతుంది, దోమలు గుడ్లు పెట్టకుండానూ ఉంటాయి.

కారింది అనుకుందాం. ఎక్కడ అన్నది వెతకాలి, కింద తడిసిన చోటే చిల్లు ఉందని అనుకోకండి, నీళ్లు అతుకు లోపలే పాకి వేరే మూలలో బయటపడతాయి. ఓపిక ఉంటే దాన్ని అలాగే కారనివ్వండి. మట్టం దిగి దిగి ఒక చోట ఆగిపోతే చిల్లు సరిగ్గా ఆ ఎత్తులో ఉన్నట్టు, ఆ ఎత్తులో ఉన్న నాలుగు మూలలు చూస్తే చాలు. అడుగు దాకా ఆగకుండా దిగిందంటే కింది అతుకు. అన్ని కాగితాలూ తీసేసి పొడిగా తుడిచి, కొత్త టిష్యూ పెట్టి పది నిమిషాలకోసారి చూస్తే మొదట తడిసే చోటు దొరుకుతుంది.

దొరికిన చోట మీద కొంచెం సిలికాన్ పూసేసి చేతులు దులుపుకునేవాళ్లకి ఒక మాట. ఎండిన పాత సిలికాన్‌కి కొత్త సిలికాన్ అంటుకోదు. పైన అతికినట్టే కనిపిస్తుంది, నీళ్లు వెనక నుంచి దూరి లేపేస్తాయి. లోపలి వరస మొత్తం, అడుగు చుట్టూ, నిలువు మూలలతో సహా, బ్లేడుతో కోసి తీసేయాలి. అద్దాల మధ్య పొర జోలికి మాత్రం బ్లేడు పోకూడదు. మిగిలిన జిడ్డుని ఎసిటోన్‌తో గానీ స్పిరిట్‌తో గానీ తుడవాలి, రంగూ వాసనా కలిపిన నెయిల్ పాలిష్ రిమూవర్ పనికిరాదు, అందులో నూనెలుంటాయి. రెండు పక్కలా మాస్కింగ్ టేపు అంటించి, గన్నుతో ఆగకుండా ఒకే వరసగా వేసి, వేలితో ఒక్క లాగుడులో నున్నగా చేసి, అది పొర కట్టక ముందే టేపు పీకేయాలి. కొనేటప్పుడు అక్వేరియానికి పనికొస్తుందని రాసి ఉన్నదే తీసుకోండి. బాత్రూములకి ఫంగస్ పట్టకుండా అమ్మే రకంలో మందు కలుపుతారు, అది చేపలకి విషం. వేసిన రోజు వెనిగర్ వాసన వస్తే కంగారు పడొద్దు, చాలా రకాలు అలాగే ఆరతాయి. ఆ వాసన పూర్తిగా పోయే దాకా నీళ్లు పోయకండి. ట్యూబు మీద 24 గంటలని రాసి ఉన్నా నేను వారం ఆగుతాను. తర్వాత మళ్లీ మొదటి నుంచి, పావు, సగం, ముప్పావు, పేపర్లు, అన్నీ.

అద్దాల మధ్య పొరే పోయుంటే ఇంట్లో చేసే పని కాదిది. తొట్లు తయారు చేసే కొట్టు ఊళ్లో ఉంటే తీసుకెళ్లి, విడదీసి మళ్లీ అతికించడానికి ఎంతవుతుందో, అదే సైజు కొత్తది ఎంతవుతుందో రెండూ అడగండి. రెండడుగుల తొట్టికైతే చాలాసార్లు కొత్తదే మేలు. నాలుగడుగులు దాటినవాటికి, మందమైన అద్దం ఉన్నవాటికి మాత్రం విడదీసి అతికించడం గిట్టుబాటు.

మా బావమరిది తొట్టి కారలేదు. ముప్పావు దగ్గర ఒక కాగితం తడిసింది గానీ తీరా చూస్తే వాళ్లబ్బాయి మగ్గుతో పోస్తూ ఒలకబోసింది. రెండు రోజులయ్యాక సన్న పైపు పెట్టి నీళ్లన్నీ మొక్కలకి వదిలాం, చివరి అంగుళం గుడ్డతో అద్దేశాం తప్ప తొట్టిని వంచలేదు. హాల్లో స్టాండు మీదికి చేర్చాక మళ్లీ ఒక రోజు నీళ్లతోనే ఉంచమన్నాను, ఎందుకంటే పార్కింగులో నిలబడిన నేల వేరు, ఇక్కడ స్టాండు వేరు, ఆ స్టాండు ఒక కాలు పొట్టిదైతే ఇన్ని రోజుల పరీక్షా వృథా. "ఇంకా ఎన్ని రోజులు బావా" అని విసుక్కున్నాడు గానీ ఉంచాడు. స్టాండు కింద పేపర్ మాత్రం నెల దాకా తీయొద్దని వాళ్ల అమ్మగారికి చెప్పి వచ్చాను, వాడికి చెప్తే తీసేస్తాడని.